బంగాళాదుంపకు సేంద్రియ ఎరువు, జింక్: ఎలా వేయాలి, ఫలితం ఎలా తూచుకోవాలి

బంగాళాదుంప వేసేవాళ్లు జింక్ గురించి అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎకరాకు ఎంత వేయాలి?" నా లెక్కలో అది మూడో ప్రశ్న. మీ నేలకు అసలు జింక్ కావాలా అన్నది మొదటిది. వేసిన జింక్ వేరుకు అందే స్థితిలో ఆ నేల ఉందా అన్నది రెండోది. ఈ రెండూ తేలితే ఎంత వేయాలో చెప్పడం తేలిక. రెండో ప్రశ్నకు జవాబు చాలావరకు సేంద్రియ ఎరువులోనే ఉంది. అందుకే ఎరువునూ జింక్‌నూ ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఖర్చులుగా చూడొద్దని చెబుతాను.

ఒక చిన్న లెక్క చూడండి. వంద గ్రాముల పచ్చి బంగాళాదుంపలో ఉండే జింక్ సుమారు 0.3 మిల్లీగ్రాములు. అంటే టన్ను దుంపల్లో 3 గ్రాములు. ఎకరాకు పది టన్నులు పండినా దుంపలతో పాటు పొలం దాటిపోయే జింక్ 30 గ్రాములకు మించదు. ఆకుల్లో, కాండంలో ఉండేది కలుపుకున్నా అది పెద్ద మొత్తం కాదు. మరి మనం నేలలో వేసే పది కిలోల జింక్ సల్ఫేట్‌లో జింక్ రెండు కిలోల పైనే ఉంటుంది. మిగతాదంతా ఏమైపోతోంది? చాలావరకు మట్టి రేణువులకు అంటుకుని, సున్నంతో, భాస్వరంతో కలిసి కరగని రూపంలోకి మారి నేలలోనే పడి ఉంటుంది. ఈ లెక్క తెలిసిన రోజు నుంచి నేను జింక్ మోతాదు గురించి ఆలోచించడం తగ్గించి, దాన్ని మొక్కకు అందేలా ఉంచడం ఎలా అన్నదాని మీద దృష్టి పెట్టాను.

ఈ రెండూ మొక్కకు చేసే పని

బంగాళాదుంప వేరు కాదు, కాండం. మొక్క మొదలు నుంచి మట్టిలో పక్కకు పాకే తెల్లటి సన్న కొమ్మల కొసలు ఉబ్బి దుంపలవుతాయి. ఉబ్బాలంటే చుట్టూ ఉన్న మట్టి జరిగి చోటివ్వాలి. గట్టిపడిన నేలలో దుంప వంకరలు తిరుగుతుంది, లేదా చిన్నదిగానే ఆగిపోతుంది. పైగా ఈ పంట వేళ్లలో ఎక్కువ భాగం పై 30, 40 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. లోతు నుంచి నీళ్లు తెచ్చుకునే శక్తి దీనికి తక్కువ. బాగా చివికిన ఎరువు ఈ పై పొరను గుల్లగా ఉంచుతుంది, తడిని పట్టి ఉంచుతుంది, నత్రజనిని, పొటాష్‌ను పంట కాలమంతా కొంచెం కొంచెంగా అందిస్తుంది. ఎరువు చివికేటప్పుడు తయారయ్యే హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలు జింక్‌ను పట్టుకుని, అది మట్టిలో గడ్డకట్టకుండా వేరు దాకా చేరేలా చూస్తాయి. మన విషయంలో అసలు కీలకం ఇదే.

జింక్ సంగతికొస్తే, మొక్కలకు అది తప్పనిసరి పోషకమని 1926లోనే సోమర్, లిప్‌మన్ అనే శాస్త్రవేత్తలు ప్రయోగాలతో చూపించారు. చిగుళ్లు సాగడానికి కావలసిన ఆక్సిన్ అనే హార్మోన్ తయారీకి జింక్ కావాలి. ఆకులో తయారైన చక్కెర దుంపలో పిండిపదార్థంగా మారే పనిలోనూ దానికి పాత్ర ఉంది. జింక్ తక్కువైతే కణుపుల మధ్య దూరం తగ్గి మొక్క గిడసబారుతుంది, ఆకు చిన్నదవుతుంది. ఆకు విస్తీర్ణం తగ్గితే దుంపకు వెళ్లే ఆహారమూ తగ్గుతుంది. దిగుబడి దెబ్బతినేది ఈ దారిలోనే.

మొదటి పని: మట్టి పరీక్ష

దీన్ని దాటేసి ముందుకు వెళ్లొద్దు. పొలంలో అటూ ఇటూ వంకరగా నడుస్తూ పది పదిహేను చోట్ల, 15 సెంటీమీటర్ల లోతు వరకు వి ఆకారంలో గుంత తీసి, గుంత గోడ నుంచి పై నుంచి కింది దాకా ఒకే మందంలో మట్టి చెక్కి తీయండి. గట్ల దగ్గర, చెట్ల నీడలో, ఎరువు కుప్ప వేసిన చోట తీయకండి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ చివరికి అరకిలో మిగిలేలా చేయండి. నీడలో ఆరబెట్టి పంపండి.

చాలామంది చేసే పొరపాటు ఒకటి ఇక్కడుంది. జింక్ పూత ఉన్న ఇనుప బకెట్‌లోనో, రేకు డబ్బాలోనో మట్టి కలుపుతారు. ఆ పూత నుంచి రాలే కొద్దిపాటి జింక్ చాలు, ఫలితం తప్పు రావడానికి. మనం కొలిచేది కిలో మట్టిలో ఒక మిల్లీగ్రాముకు అటూ ఇటూ ఉండే పదార్థాన్ని. ప్లాస్టిక్ బకెట్, శుభ్రమైన గుడ్డ సంచి వాడండి.

రిపోర్టులో నాలుగు అంకెలు చూడండి: పీహెచ్ (నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె), సేంద్రియ కర్బనం, భాస్వరం, డీటీపీఏ పద్ధతిలో (మొక్కకు అందగల జింక్‌ను కొలిచే ల్యాబ్ పద్ధతి) కొలిచిన జింక్. ఈ జింక్ 0.6 పీపీఎం (కిలో మట్టిలో 0.6 మిల్లీగ్రాములు) కన్నా తక్కువుంటే లోపం ఉన్నట్టే లెక్క, వేస్తే ఫలితం కనిపించే అవకాశం బాగా ఉంటుంది. 1 పీపీఎం దాటితే వేసిన డబ్బు తిరిగి రావడం కష్టం. ఈ రెండింటి మధ్య ఉంటే మిగతా మూడు అంకెలు చూసి నిర్ణయించాలి. పీహెచ్ ఒక పాయింటు పెరిగితే మట్టి తడిలో కరిగి ఉండే జింక్ దాదాపు వంద రెట్లు తగ్గుతుంది. కాబట్టి పీహెచ్ 8 ఉన్న నేలలో 0.8 పీపీఎం జింక్ ఉన్నా నేను ధైర్యంగా ఉండను. ఇసుక నేలలు, సున్నపు నేలలు, చదును చేయడంలో పైమట్టి తవ్వి తీసేసిన చోట్లు, ఏళ్ల తరబడి భాస్వరం ఎరువులు కుమ్మరించిన పొలాలు, వీటిలో లోపం ఎక్కువగా కనిపిస్తుంది. భాస్వరం ఎక్కువైతే వేరు జింక్‌ను తీసుకోవడమూ తగ్గుతుంది, తీసుకున్నది పైకి పాకడమూ తగ్గుతుంది.

మీ పొలంలో చాలా ఏళ్లుగా కోళ్ల ఎరువు వేస్తుంటే మాత్రం కథ వేరు. కోళ్ల దాణాలో జింక్ కలుపుతారు, అందులో ఎక్కువ భాగం ఎరువులోకే వస్తుంది. అలాంటి నేలలో జింక్ ఇప్పటికే సరిపడా ఉండొచ్చు. పరీక్ష చేయకుండా ఇంకా వేయడం దండగ.

రెండో పని: ఎరువును మాగబెట్టడం

దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

ఒక ఏడాది నేను తొందరపడి సగం చివికిన పశువుల ఎరువు వేశాను. మొక్కలు పచ్చగా, ఏపుగా పెరిగాయి. చూసి సంతోషపడ్డాను. తవ్వితే దుంపల మీద గరుకు మచ్చలు, వేరు పురుగులు కొరికిన గుంటలు. తూకం తగ్గలేదు కానీ, సగానికి పైగా దుంపలు ఏరేయాల్సి వచ్చింది. పచ్చి ఎరువు వేరు పురుగులను పిలుస్తుంది, కలుపు విత్తనాలను మోసుకొస్తుంది, గజ్జి తెగులు పెరగడానికీ అవకాశమిస్తుంది. అది ఆలస్యంగా, ఒక్కసారిగా నత్రజని వదిలితే మొక్క ఆకులు పెంచే పనిలోనే ఉండిపోయి దుంప పట్టడం వెనకబడుతుంది.

అందుకని నాటడానికి కనీసం మూడు నాలుగు నెలల ముందే కుప్ప వేయండి. పేడ, మూత్రంతో తడిసిన గడ్డి, ఎండుటాకులు కలిపి పొరలుగా వేసి, పిడికిట పట్టి పిసికితే వేళ్ల మధ్య తడి తెలిసేంత, నీళ్లు మాత్రం కారనంత తేమ ఉంచండి. కుప్ప లోపల వేడి 55 డిగ్రీల సెల్సియస్ దాటి కొన్ని రోజులు నిలవాలి. ఆ వేడికే చాలా కలుపు విత్తనాలు, పురుగు గుడ్లు చస్తాయి. వేడి తగ్గుతుంటే లోపలిది బయటికి, బయటిది లోపలికి వచ్చేలా తిరగేయండి. రెండు మూడు సార్లు తిరగేస్తే చాలు. వాన నీళ్లు కుప్పలోంచి కారిపోతే పొటాష్, నత్రజని వాటితోనే పోతాయి, కాబట్టి పైన కప్పి ఉంచండి.

మాగిందో లేదో తేల్చుకోవడానికి నేను చేసే పద్ధతి ఇది. కుప్ప మధ్యలో ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాలాగి తీసి ముట్టుకుంటాను. వేడిగా ఉంటే ఇంకా కాలేదు. చల్లగా ఉంటే రెండు గుప్పెళ్ల ఎరువును కొంచెం తడిపి పాలిథిన్ కవర్‌లో గాలి పోకుండా కట్టి నాలుగైదు రోజులుంచుతాను. విప్పినప్పుడు మట్టి వాసన వస్తే పొలంలోకి వెళ్లొచ్చు. కుళ్లు వాసనో, ముక్కు మండించే ఘాటో వస్తే ఇంకో నెల ఆగాలి.

ఎంత వేయాలి? పశువుల ఎరువైతే ఎకరాకు 8 నుంచి 10 టన్నులు. టన్ను పశువుల ఎరువులో నత్రజని సుమారు 5 కిలోలు, భాస్వరం 2 కిలోల పైన, పొటాష్ 5 కిలోలు ఉంటాయి. నత్రజనిలో మూడో వంతు మాత్రమే మొదటి పంటకు అందుతుంది, మిగతాది తర్వాతి పంటలకు. ఎనిమిది టన్నులు వేస్తే 40 కిలోల నత్రజని వేసినట్టే కానీ ఈ పంటకు లెక్కలోకి వచ్చేది 13 కిలోలు. మట్టి పరీక్ష ప్రకారం ఎకరాకు 60 కిలోల నత్రజని కావాలన్నారనుకోండి, 47 కిలోలు రసాయన ఎరువుతో ఇస్తే సరిపోతుంది. యూరియా రూపంలో అయితే అది సుమారు 100 కిలోలు. ఈ తీసివేత చేయకుండా రెండూ పూర్తిగా వేసేవాళ్లే ఎక్కువ. ఆకు బలిసి, పంట ఆలస్యమై, పెద్ద దుంపల మధ్యలో బోలు పడే ప్రమాదం అలా వస్తుంది.

కోళ్ల ఎరువు నత్రజని లెక్కన సుమారు ఐదారు రెట్లు గాఢమైనది, భాస్వరమూ ఎక్కువే. అది వాడితే టన్ను, టన్నున్నరతో ఆపండి, దాన్నీ మాగబెట్టే వేయండి. వర్మీకంపోస్టు మంచిదే కానీ ఎకరమంతా గుల్లబారేంత మొత్తంలో దొరకడం కష్టం. దొరికినది నాటే సాలులో వేసుకోవడం మేలు.

మూడో పని: జింక్ ఏ రూపంలో, నాణ్యత ఎలా చూడాలి

సంచి మీద ఏ జింక్ సల్ఫేట్ అని రాసి ఉందో చూడండి. ఏడు నీటి అణువులున్న హెప్టాహైడ్రేట్‌లో జింక్ సుమారు 21 శాతం, ఒకే నీటి అణువున్న మోనోహైడ్రేట్‌లో 33 శాతం. పది కిలోల హెప్టాహైడ్రేట్‌తో వచ్చే 2.1 కిలోల జింక్ మోనోహైడ్రేట్ అయితే సుమారు ఆరున్నర కిలోలతోనే వస్తుంది. ధర పోల్చేటప్పుడు సంచి బరువును వదిలేసి, అందులో ఉన్న జింక్ కిలోకు ఎంత పడుతోందో చూడండి. చెలేటెడ్ జింక్‌లో, అంటే నేలలో గడ్డకట్టకుండా సేంద్రియ అణువు పట్టుకుని ఉంచే రూపంలో, జింక్ 12 శాతమే ఉంటుంది, ఖరీదెక్కువ. పీహెచ్ బాగా ఎక్కువున్న నేలల్లో, పిచికారీకి అది పనికొస్తుంది. మామూలు నేలకు మాగిన ఎరువుతో కలిపిన జింక్ సల్ఫేట్ చాలు అన్నది నా అభిప్రాయం. చెలేట్ చేసే పనిలో కొంత భాగం ఆ ఎరువే చేస్తుంది.

జింక్ సల్ఫేట్‌లో చౌకగా దొరికే మెగ్నీషియం సల్ఫేట్ కలిపి అమ్మడం ఉంది. రెండూ చూపుకు తెల్లటి స్ఫటికాలే. ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది: గ్లాసు నీళ్లలో డీఏపీ (భాస్వరం ఎక్కువగా ఉండే ఎరువు) కరిగించి వడకట్టండి. ఇంకో గ్లాసులో మీ జింక్ సల్ఫేట్ కరిగించండి. రెండోదాన్ని మొదటిదాంట్లో పోస్తే, నిజమైన జింక్ సల్ఫేట్ అయితే పెరుగు విరిగినట్టు తెల్లటి చిక్కటి ముద్ద కడుతుంది. వట్టి మెగ్నీషియం సల్ఫేట్ అయితే అలా కట్టదు. సగం సగం కల్తీ జరిగితే ఈ పరీక్ష పట్టుకోలేదు. అనుమానముంటే ల్యాబ్‌కే పంపాలి.

ఆ గ్లాసును వెంటనే పారబోయకుండా ఒకసారి బాగా చూడండి. డీఏపీని, జింక్ సల్ఫేట్‌ను ఒకే గంపలో కలిపి చల్లితే మట్టి తడిలో జరిగేది అదే. జింక్ వేశాం, పని చేయలేదు అని బాధపడేవాళ్లలో చాలామంది కథ ఆ గ్లాసులోనే ఉంటుంది.

నాలుగో పని: వేయడం

ఎరువును ఆఖరి దుక్కికి రెండు మూడు వారాల ముందు పొలమంతా సమంగా చల్లి కలియదున్నండి. కుప్పలుగా పోసి రోజుల తరబడి ఎండలో వదిలేస్తే నత్రజని గాలిలో కలిసిపోతుంది. చల్లిన రోజే దున్నడం ఉత్తమం.

జింక్‌ను రెండు పద్ధతుల్లో వేయొచ్చు. తేలికైనది: ఎకరాకు 10 కిలోల జింక్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్‌ను 50 కిలోల పొడి మట్టితో కలిపి ఆఖరి దుక్కిలో చల్లి కలిపేయడం. నాకు నచ్చేది రెండోది: నాటడానికి నెల ముందు ఆ 10 కిలోలను 100 కిలోల మాగిన పశువుల ఎరువుతో కలిపి, చేతికి చెమ్మ తగిలేంత నీళ్లు చిలకరించి, నీడలో కుప్ప వేసి గోనె సంచులు కప్పి ఉంచడం. వారానికోసారి కలియబెట్టండి. ఈ నెలలో జింక్ సేంద్రియ పదార్థంతో ముడిపడుతుంది, నేలలో పడ్డాక సున్నానికి, భాస్వరానికి తొందరగా చిక్కదు. పీహెచ్ 7.5 దాటిన నేలల్లో ఈ నెల శ్రమ తప్పకుండా పడమని చెబుతాను. తయారైన ఈ ఎరువును నాటే సాళ్లలో పలుచగా చల్లి మట్టితో కలపండి.

భాస్వరం ఎరువును జింక్‌తో పాటు ఒకే గుప్పిట్లో వేయకండి. జింక్ ఆఖరి దుక్కిలో పొలమంతా కలిసిపోయి ఉంటే, భాస్వరాన్ని నాటే రోజు విత్తన దుంపకు కాస్త కిందగా, పక్కగా సాలులో వేయొచ్చు. జింక్‌ను సాళ్లలో వేసినవాళ్లు భాస్వరాన్ని ముందే ఆఖరి దుక్కిలో కలిపేయడం మంచిది.

నేల మీద చల్లిన జింక్ నీళ్లతో కిందికి దిగదు, పడ్డచోటే ఉంటుంది. అందుకే మొక్క మొలిచాక పైపాటుగా చల్లితే వేరుకు అందేది తక్కువ. ఆ దశలో పిచికారీయే దారి.

నాటడం గురించి రెండు మాటలు. 30 నుంచి 50 గ్రాముల, ఆరోగ్యమైన, మొలక వచ్చిన విత్తన దుంపలను సాళ్ల మధ్య 60, దుంపల మధ్య 20 సెంటీమీటర్ల దూరంలో నాటండి. ఎరువు ముద్దలు విత్తన దుంపకు నేరుగా తగలకుండా మధ్యలో మట్టి ఉండాలి. నాటిన 25, 30 రోజులకు మట్టి ఎగదోయండి. వెలుగు తగిలిన దుంప పచ్చబడి చేదెక్కుతుంది, ఎంత ఎరువు వేసినా అది పనికిరాదు.

ఐదో పని: ఆకులను చదవడం, అవసరమైతే పిచికారీ

జింక్ లోపం ముందు లేత ఆకుల్లో కనిపిస్తుంది. ఆకులు సన్నగా, చిన్నగా వచ్చి అంచులు పైకి ముడుచుకుంటాయి. ఈనెల మధ్య రంగు పాలిపోతుంది, ముదిరితే గోధుమ రంగు మచ్చలు వస్తాయి. ఆకు పైకి ముడుచుకోవడం వల్ల దీన్ని ఆకుముడత వైరస్ అనుకుని టెన్షన్ పడేవాళ్లున్నారు. తేడా ఇలా చూడండి. వైరస్ విత్తనంతో వస్తే ఆరోగ్యంగా ఉన్న మొక్కల మధ్య ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ కనిపిస్తుంది, కింది ఆకులు తోలులా గట్టిబడి చుట్టుకుంటాయి. జింక్ లోపం చెదురుమదురుగా రాదు, పొలంలో ఒక మడి మడిగా, ఎక్కువగా సున్నం తేలిన చోటో పైమట్టి పోయిన చోటో వస్తుంది. ఇంకా అనుమానముంటే లోపం ఉన్న మడిలో పది మొక్కలకు మాత్రం జింక్ కొట్టి గుర్తు పెట్టండి. పది పన్నెండు రోజుల తర్వాత వచ్చే కొత్త ఆకులు చూడండి. పాత ఆకులు బాగుపడతాయని ఎదురుచూడొద్దు.

పిచికారీకి లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్, 1 గ్రాము నీళ్లు పోసి ఆర్చిన సున్నం. ఎకరాకు 200 లీటర్లనుకుంటే 400 గ్రాములు, 200 గ్రాములు. సున్నం లేకుండా కొడితే ఆకు మాడే ప్రమాదముంది. రెండింటినీ విడివిడిగా కరిగించండి, సున్నపు నీటిని రాత్రి తేరనిచ్చి పైనున్న తేట నీటిని గుడ్డలో వడకట్టి కలపండి. వడకట్టకుండా పోస్తే నాజిల్ పూడుకుపోతుంది. ఎండ తగ్గిన సాయంత్రం, ఆకు రెండు వైపులా తడిసేలా కొట్టండి. మొదటిసారి నాటిన 30 రోజుల ప్రాంతంలో, దుంపలు పట్టడం మొదలయ్యే వేళకు. రెండోసారి 12, 15 రోజులకు. ఈ ద్రావణంలో పురుగుమందులు, తెగులు మందులు కలపొద్దు.

ఆకుమాడు తెగులుకు వాడే మాంకోజెబ్‌లో మాంగనీసుతో పాటు కొంచెం జింక్ కూడా ఉంటుంది. దాన్ని ఐదారు సార్లు కొట్టిన పంటకు తెలియకుండానే కొంత జింక్ అందుతుంది. కింద చెప్పే పోలికలో ఇది ముఖ్యమవుతుంది.

అతిగా వేస్తే? జింక్ ఎక్కువైన మొక్క ఇనుమును సరిగా తీసుకోలేక చిగురు పసుపెక్కుతుంది. ఆమ్ల నేలల్లో ఈ భయం ఎక్కువ. వేసిన జింక్ నేలలో పేరుకుంటుంది కాబట్టి తప్పు చేస్తే వెనక్కి తీయలేం.

ఆరో పని: నిజంగా ఫలితం వచ్చిందా?

ఇది చాలామంది వదిలేసే పని. నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. పొలమంతా ఎరువు, జింక్ వేసి "ఈసారి బాగా పండింది" అంటే, దాని వల్ల పండిందో వాతావరణం అనుకూలించి పండిందో ఎలా తెలుస్తుంది? పోల్చడానికి వేయని చోటు ఒకటి ఉండాలి.

పొలంలో ఒకే తీరుగా ఉన్న భాగంలో 12 చిన్న మళ్లు గుర్తించండి. ఒక్కోటి నాలుగు సాళ్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు, అంటే 2.4 మీటర్లు × 5 మీటర్లు, 12 చదరపు మీటర్లు. నాలుగు రకాలు: ఏమీ వేయనిది, ఎరువు మాత్రం వేసింది, జింక్ మాత్రం వేసింది, రెండూ వేసింది. ప్రతి రకానికీ మూడు మళ్లు. ఏ మడికి ఏ రకమో మీరు ఎంచుకోకుండా చీటీలు వేసి తీయండి. మనకు తెలియకుండానే మంచి మడికి రెండూ వేసే అలవాటు మనకుంటుంది. ఎరువు వేసే మడికి 24 కిలోలు, జింక్ సల్ఫేట్ 30 గ్రాములు. 30 గ్రాములు చేత్తో సమంగా పడదు, రెండు కిలోల పొడి ఇసుకతో కలిపి చల్లండి. విత్తనం, తడి, మట్టి ఎగదోయడం, తెగులు మందులు అన్ని మళ్లకూ ఒకే రోజు, ఒకేలా జరగాలి. ఈ మళ్లలో మాంకోజెబ్ బదులు జింక్ లేని మందు వాడండి. లేకపోతే "జింక్ వేయని" మడికి కూడా జింక్ వేసినట్టే.

నాటిన 45, 60 రోజులకు ఒక్కో మడిలో లోపలి సాళ్ల నుంచి ఐదు మొక్కల ఎత్తు కొలిచి రాయండి. కాండాల సంఖ్య కూడా లెక్కపెట్టొచ్చు కానీ, అది ఎక్కువగా విత్తన దుంప పరిమాణం మీద, దాని వయసు మీద, ఎన్ని కళ్లు మొలిచాయన్నదాని మీద ఆధారపడుతుంది. దాన్ని ఎరువు గొప్పగా చెప్పుకోకండి. ఎత్తును కూడా నేను అంతగా నమ్మను. నత్రజని ఎక్కువైన మొక్క ఎత్తుగానే ఉంటుంది, కింద దుంప ఉండదు.

తవ్వడానికి 10, 15 రోజుల ముందు తడులు ఆపి, అన్ని మళ్లలో ఒకే రోజు పైమొక్క కోసేయండి. తొక్క గట్టిపడాలి. తవ్వేటప్పుడు అంచు సాళ్లు వదిలేసి మధ్య రెండు సాళ్లలో, రెండు కొసలా అరమీటరు వదిలి 4 మీటర్లు తీసుకోండి. అది 4.8 చదరపు మీటర్లు, 40 మొక్కలు. వచ్చిన కిలోలను 843తో గుణిస్తే ఎకరా దిగుబడి వస్తుంది. ఉదాహరణకు 10 కిలోలొస్తే ఎకరాకు సుమారు 8.4 టన్నులు.

ఒక్క మొత్తం తూకంతో ఆపొద్దు. దుంపలను 25 గ్రాముల లోపు, 25 నుంచి 75, 75 పైన అని మూడు గుంపులు చేసి లెక్కపెట్టి తూచండి. దిగుబడి దుంపల సంఖ్య పెరగడం వల్ల వచ్చిందా, సైజు పెరగడం వల్ల వచ్చిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. మీరు అమ్మేది విత్తనానికైతే మధ్య గుంపు ముఖ్యం, తినడానికైతే పెద్ద గుంపు.

ఇంకో కొలత చేసి చూడండి, ఖర్చేమీ లేదు. ప్రతి రకం నుంచి 5 కిలోల శుభ్రమైన దుంపలు వల సంచిలో తూచి, తర్వాత అదే సంచిని త్రాసుకు వేలాడదీసి బకెట్ అడుగుకు తగలకుండా పూర్తిగా నీళ్లలో ముంచి తూచండి. గాలిలో బరువును, గాలిలో బరువులోంచి నీటిలో బరువు తీసేయగా వచ్చినదానితో భాగించండి. 5 కిలోలు నీటిలో 370 గ్రాములు తూగితే 5000ను 4630తో భాగించాలి, 1.080 వస్తుంది. అంటే దుంపలో పొడి పదార్థం సుమారు 20 శాతం. ఈ అంకె ఎక్కువైన కొద్దీ పిండిపదార్థం ఎక్కువ, వేయించడానికి, చిప్స్‌కు మంచిది. ఎకరా దిగుబడి పెరిగి ఈ అంకె తగ్గితే మీరు పెంచింది ఎక్కువగా నీళ్లనే అన్నమాట. అతి నత్రజని వేసిన మళ్లలో ఇలా జరుగుతుంది.

అంకెలు చేతికొచ్చాక ఒకే రకం వేసిన మూడు మళ్ల మధ్య తేడా ముందు చూడండి. అవి 9, 10, 11 కిలోలు వచ్చాయనుకోండి. వేరే రకం సగటు 10.5 అయితే దాన్ని నమ్మలేం, ఆ అరకిలో మట్టి తేడా వల్లే రావొచ్చు. ఆ రకం మూడు మళ్లూ 13, 14 చుట్టూ ఉంటే అప్పుడు నమ్మండి. తర్వాత ఈ ప్రశ్న వేసుకోండి: జింక్ మాత్రం వేసినప్పుడు వచ్చిన పెరుగుదల, ఎరువు మాత్రం వేసినప్పుడు వచ్చిన పెరుగుదల కలిపితే ఎంత? రెండూ వేసిన మడి అంతకన్నా ఎక్కువిస్తే, ఎరువు మీ నేలలో జింక్‌ను అందేలా చేస్తోందని అర్థం. ఎరువు మడి, ఎరువు ప్లస్ జింక్ మడి రెండూ ఒకేలా ఉంటే, ఎరువుతోనే సరిపడా జింక్ అందుతోంది, విడిగా కొనక్కర్లేదు. జింక్ ఒక్కటే వేసిన మడి ఏమీ వేయని మడితో సమానంగా ఉండి, రెండూ వేసిన మడి బాగా ముందుంటే, ఎరువు లేకుండా జింక్ కొనడం మీ నేలలో వృథా.

నేలలో వేసిన జింక్ ప్రభావం రెండు మూడు పంటల దాకా ఉంటుంది. అందుకని వచ్చే పంటకు మళ్లీ జింక్ వేయకండి. ఆ 12 మళ్ల మూలల్లో కర్రలు అలాగే ఉంచి, వాటిలో తర్వాతి పంటను కూడా విడివిడిగా తూచండి. మూడో పంట అయ్యాక మళ్లీ ప్లాస్టిక్ బకెట్ తీసుకుని మట్టి నమూనాకు వెళ్లండి.